కారం వదిలిన బల్ల

మాది అమలాపురం పక్కన పల్లెటూరు. పెళ్లయి గుంటూరు వచ్చిన రోజున, రైలు దిగి స్టేషన్ బయటికి వచ్చేలోపు పదకొండుసార్లు తుమ్మాను. పక్కనున్న మా అత్తగారు వెంకాయమ్మగారు లెక్కపెట్టారు కనుక ఆ సంఖ్య నాకు తెలుసు. కొత్తకోడలు ఒక్కసారి తుమ్మితే ఏం శకునమో, రెండుసార్లు తుమ్మితే ఏం శకునమో ఆవిడకి తెలుసు. పదకొండు గురించి మాత్రం ఆవిడకి ఏ పెద్దవాళ్లూ చెప్పలేదట. అప్పటినుంచి పన్నెండేళ్లుగా, మిర్చియార్డుకి కొత్తకాయ రావడం మొదలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరి యార్డు మూసేదాకా నేను తుమ్ముతూనే ఉన్నాను. మా ఆయన గురునాథంగారు తెలుగు మాస్టారు. ఆయన గడప దాటబోయేసరికి నేను తుమ్మడం, ఆయన వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుని గ్లాసుడు మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరడం మా ఇంట్లో రోజూ జరిగేదే. గుంటూరు ఎండల్లో ఆయనకి ఏనాడూ వడదెబ్బ తగల్లేదంటే ఆ నీళ్ల చలవే అని నేనంటాను. ఆయన ఒప్పుకోరు.

నాకు ముక్కుమీద కోపమని కూడా అంటారు. అదీ నిజమే. నేను సైన్సు టీచర్ని. తెలియక తప్పు చేసినవాణ్ణి క్షమిస్తాను గానీ తెలిసినట్టు నటించేవాణ్ణి వదిలిపెట్టలేను. ఈ కథలో ఆ రెండో పని చేసింది నేనే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

రెండువేల మూడు ఏప్రిల్లో మా బడి కరస్పాండెంటుగారు హైదరాబాదులో ఏదో సమావేశానికి వెళ్లి, ఎకో ఫ్రెండ్లీ అనే మాట వెంటబెట్టుకొచ్చారు. కొత్త అల్లుడు చేతి గడియారం చూపించుకున్నట్టు ఆ మాటని రోజుకి పదిసార్లు వాడేవారు. జూన్లో బడి తెరిచేసరికి చిన్న తరగతులకి అరవై కొత్త బల్లలు కావాలి. అవి చెట్టుకీ పుట్టకీ హాని చేయనివై ఉండాలి, పాడైపోయినా మళ్లీ ఇంకోదానికి పనికిరావాలి అని ప్రకటించి, ఎంపికకి ఒక కమిటీ వేశారు. బళ్లో ఎకో క్లబ్బు నేనే చూస్తాను కాబట్టి కమిటీలో ఆయనా నేనూ. ఇద్దరి కమిటీలో ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మొదట విజయవాడ నుంచి ఒకాయన ప్లాస్టిక్ బల్ల పట్టుకొచ్చాడు. ఎర్రగా, నున్నగా, బొమ్మలా ఉంది. నూటికి నూరుపాళ్లూ మళ్లీ కరిగించి వాడుకోవచ్చని రంగుల కాగితం చూపించాడు. విరిగితే ఏం చేస్తారని అడిగాను. కొత్తది పంపిస్తామన్నాడు. విరిగినదాన్ని ఎవరు తీసుకెళ్తారని అడిగాను. పాతసామాన్లవాళ్లు తీసుకుంటారన్నాడు. మా వీధిలో పాతసామాన్లు కొనే మనిషిని నేను ముందురోజే అడిగి ఉన్నాను. అలాంటి ప్లాస్టిక్ తనెప్పుడూ కొనలేదని, చెత్తకుప్పలో చేరితే ఎవరో ఒకరు తగలబెడతారని అతను చెప్పాడు. ఆ సంగతి అనేసరికి ప్లాస్టిక్ ఆయన కరస్పాండెంటుగారి వైపు తిరిగి, మేడమ్‌గారు మరీ లోతుకి వెళ్తున్నారని ఫిర్యాదు చేశాడు.

రెండోది చెక్కపొట్టుని జిగురుతో కలిపి నొక్కిన బల్ల. పైన చెక్కలా కనబడే కాగితం అంటించారు. చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది. ఒక తడిగుడ్డని దాని అంచుమీద వేసి సాయంత్రందాకా వదిలేశాను. సాయంత్రానికి ఆ అంచు పూరీలా పొంగింది. మా పిల్లల మంచినీళ్ల సీసాలు రోజుకెన్నిసార్లు ఒలుకుతాయో కరస్పాండెంటుగారికి తెలుసు కనుక నేనింకేం మాట్లాడలేదు.

నా మనసులో మొదటినుంచీ ఉన్న మనిషి వేరు. మిర్చియార్డు వెనక సందులో వడ్రంగం చేసే జాన్ బాషా. అంతకు రెండేళ్లముందు మా అత్తగారి పందిరిమంచం విరిగితే, దాంతోనే మా పిల్లలు కార్తిక్‌కీ రచనకీ చదువుకోవడానికి బల్ల చేసిపెట్టాడు. దాని కాళ్లకి వరసగా బెజ్జాలు, ఆ బెజ్జాల్లో చెక్క చీలలు. పిల్లలు ఎదిగినకొద్దీ చీలని ఒక బెజ్జం పైకి మార్చుకుంటే బల్ల కూడా ఎదుగుతుంది. ఎక్కడా ఒక్క మేకు లేదు. ఏ ముక్క పాడైతే ఆ ముక్కనే ఊడదీసి మార్చుకోవచ్చు. ఇంత ఉపాయం ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ఆయన నావైపు వింతగా చూశాడు.

"ఉపాయమేంది టీచరమ్మా. మంచం విరిగితే బల్లవుద్ది. బల్ల విరిగితే స్టూలవుద్ది. స్టూలు విరిగితే పీటవుద్ది. పీట కూడా విరిగితే అప్పుడు పొయ్యిలోకి. చెక్క ఊరికే పోదండీ మా చేతిలో."

కరస్పాండెంటుగారు హైదరాబాదు దాకా వెళ్లి తెచ్చుకున్నది మా యార్డు వెనక సందులో ముప్పై ఏళ్లుగా ఉంది.

ఆ సందులో అది ఎన్నాళ్లుంటుందో మాత్రం తెలియదు. జాన్ బాషా తండ్రి నన్నే సాహెబ్ ఎడ్లబండ్లు చేసేవాడు. ఆయన చేసిన చక్రాలు అద్దంకి దాకా తిరిగేవట. ట్రాక్టర్లొచ్చి బండ్లు పోయాయి. కొడుకు తలుపులూ కిటికీలూ పట్టుకున్నాడు. రెడీమేడ్ తలుపులొచ్చి అవీ పోయాయి. ఇప్పుడు విరిగిన కుర్చీలకి కాళ్లు వేస్తున్నాడు. విజయవాడలో ఒక ఫర్నిచర్ దుకాణంవాళ్లు రమ్మన్నారని, అట్టపెట్టెల్లో వచ్చే ముక్కలకి స్క్రూలు బిగించి కస్టమర్ ఇంట్లో నిలబెట్టి రావాలని, మే నెల దాటకుండా జవాబు చెప్పమన్నారని ఆయనే నాతో చెప్పాడు. యాభై ఏళ్ల మనిషి. వెళ్తావా అని అడిగాను.

"చేసే పనైతే వెళ్లేవాణ్ణి టీచరమ్మా. అది బిగించే పని."

అరవై బల్లల పని దొరికితే ఆయన ఉలి ఆయన చేతిలోనే ఉంటుంది. దొరక్కపోతే విజయవాడ. నేను కరస్పాండెంటుగారి దగ్గరికి వెళ్లి, మూడో బల్ల కూడా చూడమని పట్టుబట్టి ఒప్పించాను.

చెక్క కూడా అడక్కుండానే దొరికింది. యార్డు దగ్గర ఒక పాత గోడౌను పడగొడుతున్నారు. సరుకంతా కోల్డ్ స్టోరేజీలకి పోతుంటే ఆ గోడౌన్లతో ఎవరికీ పనిలేదు. అందులో అటకకి వేసిన టేకు పలకలు యాభై ఏళ్లనాటివి. తడితే గంటలా మోగుతున్నాయి. కొత్తగా ఒక్క చెట్టు కొట్టక్కర్లేదు. జాన్ బాషా వాటిలో నాలుగు పలకలు తెచ్చి, చిత్రిక పట్టి, వారంలో నమూనా బల్ల తయారుచేశాడు. తేనెరంగులో మెరిసిపోతోంది. చూడ్డానికి వెళ్లి నేను ఆయన కొట్టంలో ఆరుసార్లు తుమ్మాను. పక్కనే యార్డు కదా, తుమ్మకపోతే ఆశ్చర్యం అనుకున్నాం. ఆయన కూతురు హీనా, కొడుకు మాలిక్ ఆ బల్లమీద సాయంత్రమంతా కూర్చుని హోంవర్కు చేశారట. పిల్లలతో పరీక్ష కూడా చేయించానని ఆయన గర్వంగా చెప్పాడు.

బడి ఆఖరిరోజున కరస్పాండెంటుగారి గదిలో, తెచ్చినవాళ్ల ఎదుటే, మూడు బల్లలూ వరసగా పెట్టారు. మూడో తరగతి పిల్లలు పదిమందిని తెచ్చి ఒక్కోదాని మీద కూర్చోబెట్టారు. ఆ పూట కరెంటు లేదు. చెమటలు కారిపోతున్నా పిల్లలు బాషా బల్లని వదల్లేదు. ఒకడు తనంతట తనే చీల లాగి బల్లని ఒక బెజ్జం కిందికి దించాడు. కరస్పాండెంటుగారు పలక మీద చెయ్యి వేసి నిమిరారు. ఇదీ అసలైన ఎకో ఫ్రెండ్లీ అంటే అనబోయారు.

సరిగ్గా అప్పుడు కరెంటు వచ్చింది. నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరిగింది.

ఎకో అన్నారు గానీ తర్వాతది తుమ్మే. తర్వాత పిల్లలు తుమ్మారు. నేను తుమ్మాను. ప్లాస్టిక్ ఆయన కూడా తుమ్మాడు. తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు గౌస్ బాషా, తుమ్మిన ప్రతి పిల్లాడికీ "చిరంజీవ" అని చెబుతూ వచ్చి, చివరికి చాలక చేతులెత్తేశాడు. మిర్చి బజ్జీలు తెలుసు గానీ మిర్చి బల్లలు ఇప్పుడే చూస్తున్నానని ప్లాస్టిక్ ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

యాభై ఏళ్లు మిరపబస్తాలు మోసిన పలకలవి. పైన చిత్రిక పట్టినా, మేకుల బెజ్జాల్లో, నెర్రెల్లో కారం కూరుకుపోయి ఉంది. ఫ్యానుగాలికి లేచింది. అంతమంది తుమ్ముతున్న ఆ గదిలో తుమ్మని మనిషి ఒక్కడే. జాన్ బాషాకి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. వంగి ముక్కు పలకకి ఆనించి గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు. లేచి నావైపు చూసినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను.

"నా ముక్కు చచ్చిపోయింది టీచరమ్మా," అన్నాడు.

ఆ సందులో పుట్టి పెరిగిన మనిషికి ఘాటు తెలియదు. ఆయన పిల్లలకీ తెలియదు. ఆ పిల్లలతోనే పరీక్ష చేయించాడు. ఆయనకి తెలియకపోవడంలో తప్పు లేదు. నేను ఆరుసార్లు తుమ్మాను. ఒక దానివల్ల జరిగిందో ఇంకోదానివల్ల జరిగిందో తేల్చాలంటే ఒక్కోటీ పక్కకి పెట్టి చూడాలని ఏటా ఎనిమిదో తరగతికి పాఠం చెప్పేదాన్ని, ఆ బల్లని యార్డుకి దూరంగా పెట్టి ఒక్కసారి చూడలేదు. సిగ్గుతో నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే కరస్పాండెంటుగారి బల్ల ముందు నిలబడి పదిరోజులు గడువు అడిగాను. ఆయన మంచివారే. మే అయిదున హైదరాబాదు నుంచి సెలవులకి వచ్చే తన మనవరాలిని ఆ బల్లమీద కూర్చోబెట్టి, ఫ్యాను పూర్తిగా తిప్పి, గంటసేపు పక్కనే తనూ కూర్చుంటానన్నారు. ఒక్క తుమ్ము వినబడినా ప్లాస్టిక్‌వే తెప్పిస్తానన్నారు.

ఇంటికెళ్లి ఈ సంగతి చెబితే మా అత్తగారు, తుమ్మితే ఊడే ముక్కు పెట్టుకుని ఊళ్లోవాళ్ల పని నిలబెడతావా అన్నారు. ఆ ముక్కే ఇప్పుడు కావాలన్నాను. గుంటూరు మొత్తంలో కారం ఉందో లేదో చెప్పగలిగేది నాలాంటి పరాయి ముక్కే.

మా బడి ఊరికి ఈ కొస, యార్డు ఆ కొస. నమూనా బల్లని ముక్కలుగా ఊడదీసి, మరో పది పలకలతో కలిపి బడి వరండాలోకి చేర్పించాను. సెలవులు కనుక అంతా ఖాళీ. కాపలాకి జాన్ బాషా రాత్రులు అక్కడే పడుకున్నాడు. పొద్దున్నే నేను వెళ్లి, ఫ్యాను కింద పలక పెట్టుకుని దానిమీద తలవాల్చి కూర్చోవాలి. నేనెన్నిసార్లు తుమ్మితే మా కార్తిక్, రచన నల్లబల్ల మీద అన్ని గీతలు గీయాలి. తల్లి తుమ్ములు లెక్కపెట్టడాన్ని మించిన వేసవి సెలవుల ఆట లేదని వాళ్లిద్దరూ ఇప్పటికీ అంటారు.

మొదటిరోజు ఆయన కాగులకొద్దీ వేడినీళ్లు కాచి, చాకలిసోడా కలిపి పలకలన్నీ రుద్ది కడిగాడు. మర్నాడు నల్లబల్ల మీద పద్నాలుగు గీతలు పడ్డాయి. కడిగినకొద్దీ కారం చెక్క లోపలికి దిగింది. ఆయన మెట్లమీద కూర్చుండిపోయాడు. విజయవాడ వాళ్లకి వస్తానని కబురు పెడతానన్నాడు. నేనేదో ధైర్యం చెప్పబోయాను గానీ నా దగ్గరే అది లేదు.

ఆ సాయంత్రం ఆయన భార్య మస్తాన్‌బీ క్యారియర్లో అన్నం తెచ్చింది. ఆవిడ ఇరవై ఏళ్లుగా యార్డు దగ్గర మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్తోంది. ఆరోజే మొదటిసారి నేనావిడ చేతుల్ని దగ్గరగా చూశాను. వేళ్లు ఎర్రగా, కొసలు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. వేడినీళ్ల సంగతి విని క్యారియర్ కింద పెట్టేసింది.

"నీళ్లు పోస్తే కారం పోద్దా అయ్యా? ఇరవై ఏళ్లబట్టి నీకు అన్నం పెడతన్నా. పెట్టేముందు నా చేతులు ఎట్టా కడుక్కుంటానో ఎప్పుడన్నా చూశావా?"

ఆయన చూడలేదు.

"ముందు ఆముదం పట్టించాలి. కారం నూనెకే లొంగుద్ది. నూనె దాన్ని పట్టుకున్నాక తౌడుతో తుడవాలి. ఆ తర్వాతే కుంకుడు నురుగు. ఇంత చేసినా మంట పూర్తిగా పోయేది కాదు టీచరమ్మా. నా పిల్లలు చిన్నప్పుడు ఏడిస్తే కళ్లు తుడవటానికి భయం. మోచేత్తో తుడిచేదాన్ని."

ఆ చివరిమాట ఆవిడ మామూలుగానే అంది, పప్పులో ఉప్పు తగ్గిందన్నట్టు. జాన్ బాషా తలొంచుకుని అన్నం కలుపుతూ చాలాసేపు తినలేదు.

మర్నాటినుంచి పెత్తనం మస్తాన్‌బీది. యార్డుకి సెలవు పెట్టి, తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. పక్కింటి రసూల్‌బీని వెంటబెట్టుకొచ్చింది. ఆముదంలో ముంచిన చీపురుపుల్లతో ఒక్కో మేకు బెజ్జం, ఒక్కో నెర్రె కెలికి, పలకంతా నూనె రుద్ది ఎండలో పడేసేవాళ్లు. నూనె ఎర్రగా పైకి తేలేది. తౌడు చల్లి తుడిచేవాళ్లు. మళ్లీ నూనె, మళ్లీ తౌడు, చివర్లో కుంకుడు నురుగు. జాన్ బాషా ఆవిడ చెప్పినట్టల్లా పలకలు తిప్పుతూ ఉండేవాడు. ముప్పై ఏళ్లు చెక్కపని చేసినవాడు పెళ్లాం దగ్గర పని నేర్చుకోవడం చూసి రసూల్‌బీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

నల్లబల్ల మీద గీతలు తొమ్మిదికి దిగాయి. తర్వాత అయిదు. ఆరోరోజు సాయంత్రం నేను అరగంట కూర్చున్నా ముక్కు కదల్లేదు. అందరం పండగ చేసుకున్నాం. మర్నాడు పొద్దున వెళ్లి అదే పలకమీద తల వాల్చితే నాలుగు తుమ్ములు. సాయంత్రం మళ్లీ కడిగితే ఏమీ లేదు. పొద్దున మళ్లీ నాలుగు. మూడు రోజులు ఇదే తంతు. గడువు దగ్గరపడింది. సాయంత్రం లేని కారం రాత్రికి ఎక్కణ్ణుంచి వస్తోందో నా సైన్సుకి అందలేదు.

తేల్చింది మా అత్తగారు. కోడలు తుమ్మడానికి జీతం లేని ఉద్యోగంలో చేరిందని వీధిలో చెప్పుకుంటూ, అదేమిటో చూద్దామని పొద్దున ఎనిమిది దాటాక రిక్షాలో వచ్చారు. పలకలు కప్పి ఉంచిన గోతాల వంక ఒక్కసారి చూశారు.

"ఈ గోతాలెక్కడివయ్యా?"

దుమ్ము పడకుండా రాత్రి తనే కప్పుతున్నానని, ఇంటినుంచి తెచ్చినవని జాన్ బాషా చెప్పాడు.

"గుంటూరులో గోతమంటే మిరపగోతం కాక ఇంకేముంటుంది," అన్నారావిడ.

మస్తాన్‌బీ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు పెట్టుకుంది. పగలంతా తీసిన కారాన్ని రాత్రి ఆయనే ప్రేమగా దుప్పటి కప్పి పలకలకి పెడుతున్నాడు. మా అత్తగారు ఇంటికెళ్లి, ఒకటికి రెండుసార్లు సణిగి, తన పాత నేతచీరలు అరడజను పంపించారు. ఆ రాత్రి పలకలు ఆవిడ చీరలు కప్పుకుని పడుకున్నాయి. పొద్దున కార్తిక్ సుద్దముక్క పట్టుకుని గంటసేపు నిలబడ్డాడు గానీ గీత గీయాల్సిన పని పడలేదు.

మే అయిదున కరస్పాండెంటుగారు మనవరాలితో వచ్చారు. ఏడేళ్ల పిల్ల, నాలాగే పరాయి ముక్కు. జాన్ బాషా బల్లని మళ్లీ బిగించి గదిలో పెట్టాడు. ఫ్యాను పూర్తిగా తిప్పారు. పిల్ల బొమ్మలు వేసుకుంటోంది. మేం ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాం. మస్తాన్‌బీ ఆరోజు రాలేదు. తన కళ్లముందు ఆ పిల్ల తుమ్మితే తట్టుకోలేనని యార్డుకి వెళ్లిపోయిందట. పావుగంట అయింది. అరగంట అయింది. అప్పుడు ఆ పిల్ల బొమ్మ ఆపి, ముక్కు చిట్లించి, మొహం పైకెత్తి, నోరు తెరిచింది. జాన్ బాషా కళ్లు మూసుకున్నాడు. నేను నా ముక్కు గట్టిగా పట్టుకున్నాను, నేను ఆపితే ఆ పిల్ల తుమ్ము ఆగుతుందన్నట్టు.

పిల్ల ఆవులించింది. బల్లమీద బుగ్గ ఆనించి, చేతులు చాపుకుని నిద్రపోయింది.

గంట దాటింది. కరస్పాండెంటుగారు ఆ పిల్లని లేపలేదు. మాట బయటికి రానంత మెల్లగా, "అరవై," అన్నారు. జాన్ బాషా తలాడించాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, అది తుమ్ముకి ముందొచ్చే నీళ్లు కాదని అక్కడున్నవాళ్లకి చెప్పాల్సి వచ్చింది.

మస్తాన్‌బీకి కబురు చెప్పడానికి ఆయనతోపాటు నేనూ రిక్షా ఎక్కాను. యార్డు మలుపు రాగానే అలవాటుగా చేతిరుమాలు తీసి తుమ్మాను. పక్కన ఇంకో తుమ్ము వినబడింది. రిక్షా అతను కాబోలనుకున్నాను. మళ్లీ వినబడింది. జాన్ బాషా. పదిరోజులు ఆ గాలికి దూరంగా పడుకునేసరికి చచ్చిపోయిందనుకున్న ముక్కు లేచి కూర్చుంది. సందు పొడుగునా తుమ్ముతూనే ఉన్నాడు. తుమ్ము తుమ్ముకీ ఆశ్చర్యపోతున్నాడు. ఇళ్లలోంచి ఆడవాళ్లు బయటికొచ్చి, బాషాకి ఏమైందని నవ్వారు.

మస్తాన్‌బీ అప్పుడే పని నుంచి వచ్చి గడపలో కూర్చుని చేతులకి ఆముదం రాసుకుంటోంది. ఆయన అరవై సంగతి చెప్పలేదు. కళ్లూ ముక్కూ కారుతుంటే ఆవిడ ఎదుట నిలబడ్డాడు.

"రోజూ ఈ ఘాటులోనా కూర్చునేది నువ్వు?"

"ఇరవై ఏళ్లబట్టి," అంది మస్తాన్‌బీ. "ఇప్పుడా ఇంటికొచ్చింది నీ ముక్కు?"

ఆయన పక్కన కూలబడి, సీసా అందుకుని, ఆవిడ అరచేతిలో ఆముదం ఒంపాడు. బల్లల సంగతి చివరికి నేనే చెప్పాల్సి వచ్చింది. అరవై బల్లల పలకలకి కారం తీయడం తనవల్ల కాదని, అది తెలిసిన చేతులు ఊళ్లో ఒకరివేనని, యార్డు మానేసి తనతో పనిలోకి రమ్మని ఆయన అడిగాడు. అడిగాడు అనే రాస్తున్నాను. చెప్పలేదు, అడిగాడు. నెల్లాళ్లు చేసి చూసి చెబుతానంది ఆవిడ. ఆ మాట అంటూ నావైపు తిరిగి కన్ను గీటింది.

జూన్లో బడి తెరిచారు. ఆఖరి నాలుగు బల్లలు బిగించడానికి మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ పొద్దున వచ్చారు. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్ల ఒకతి వాళ్లమ్మ వెళ్లిపోయిందని గుక్కపట్టి ఏడుస్తోంది. నేను అందుకునేలోపే మస్తాన్‌బీ చీల పక్కన పెట్టి ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. కళ్లు తుడవడానికి అలవాటుగా మోచెయ్యి ఎత్తింది. సగంలో ఆగింది. తన చేతివేళ్లని తిప్పి చూసుకుంది. అప్పటికి యార్డు మానేసి నెల దాటింది.

మోచెయ్యి దించి, ఆ పిల్ల కళ్లు రెండూ అరచేత్తో తుడిచింది.